నెరిసిన జుట్టు, ఆవపిండి రంగు చీర: ఒక కేస్ స్టడీ

క్లయింటు వయసు 54. రాజమహేంద్రవరంలో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు. చామనఛాయ, ముదురు గోధుమ రంగు కళ్లు. జుట్టు ముందువైపు దాదాపు తెల్లబడింది, వెనకవైపు ఇంకా నలుపూ తెలుపూ కలిసే ఉంది. పెద్దమ్మాయి పెళ్లిలో పీటల మీద కూర్చునేటప్పుడు ఏ రంగు పట్టుచీర కట్టుకోవాలి, ముఖానికి ఏం వేసుకోవాలి అని అడగడానికి వచ్చారు. అయితే మాట కలిపిన కాసేపటికే అసలు సంగతి బయటపడింది: కొంతకాలంగా తన బీరువాలోని చీరలేవీ తనకు నప్పడం లేదని ఆవిడ బాధ. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నా పని రంగుల సలహా, దానికి తోడు మేకప్. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. తెలుగులో రంగుల గురించి వచ్చే సలహాల్లో చాలావరకు ఒంటి ఛాయ దగ్గరే ఆగిపోతాయి. చామనఛాయకు ఇవి, పసిమి ఛాయకు అవి అని పట్టిక ఇచ్చేస్తారు. కానీ మనవాళ్లలో చాలామందికి జీవితంలో వచ్చే అతిపెద్ద రంగు మార్పు ఒంటిది కాదు, జుట్టుది. నల్లటి జుట్టు తెల్లబడినప్పుడు ముఖం చుట్టూ ఉన్న చట్రమే మారిపోతుంది. దాని గురించి పట్టించుకునేవారు తక్కువ.

అంతకుముందు జరిగింది

ఆవిడకు మొదటి నుంచీ మట్టి రంగులంటే ఇష్టం. ఆవపిండి రంగు, ఇటుక రంగు, పొగాకు రంగు, గోరింటాకు పచ్చ. బీరువాలో సగానికి పైగా అవే. నలభై దాటాక జుట్టుకు రంగు వేయడం మొదలుపెట్టారు. చాలా ఏళ్లు ఏమీ కాలేదు. ఒకసారి మాత్రం రంగు వేసుకున్న మర్నాటికి చెవుల వెనక దురద, నుదుటి అంచున పొక్కులు, కనురెప్పల వాపు. చర్మవైద్యుడు వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేసి, పారాఫినైలీన్‌డయమిన్ పడదని తేల్చారు. నల్లటి హెయిర్ డైలలో విరివిగా వాడే రసాయనం ఇది. పొట్టిగా పీపీడీ అంటారు. ఏళ్ల తరబడి పడినది ఒక్కసారిగా పడకపోవడం దీని విషయంలో మామూలే. ఒకసారి ఆ తత్వం ఏర్పడితే సాధారణంగా మళ్లీ పోదు.

డై మానేసి కొన్నాళ్లు గోరింటాకు పొడి పెట్టుకున్నారు. గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం వెంట్రుకలోని కెరటిన్‌ను పట్టుకుని నారింజ ఎరుపు ఇస్తుంది. నల్ల వెంట్రుక మీద అది ఎండలో మాత్రమే తెలిసే ఛాయ. తెల్ల వెంట్రుక మీద అచ్చంగా క్యారెట్. “తరగతిలో పిల్లలు బోర్డు వైపు చూడడం మానేసి నా నెత్తి వైపు చూస్తున్నారు” అని ఆవిడే నవ్వుతూ చెప్పారు. చివరికి అదీ మానేశారు.

జుట్టు తెల్లబడిన తర్వాత కాలేజీలో ఒకరి తర్వాత ఒకరు “ఒంట్లో బాగాలేదా మేడమ్?” అని అడగడం మొదలైంది. రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నారు. అన్నీ సరిగానే ఉన్నాయి. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకున్నారు. ఇంతలో చిన్నమ్మాయి ఫోనులో ఏదో యాప్‌తో తల్లి ఫొటో తీసి, “అమ్మా, నువ్వు ఆటమ్, అంటే ఆకురాలు కాలం రకం. నీకు ఆవాల రంగు, ఇటుక రంగు బాగుంటాయి” అని చెప్పింది. మణికట్టు దగ్గర నరాలు ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి కాబట్టి ఛాయ వెచ్చనిదనీ, అంటే పసుపు వైపు మొగ్గినదనీ నిర్ధారించింది. అంటే ఏ రంగుల వల్ల ఇబ్బంది పడుతున్నారో, వాటినే ఇంకా కట్టుకోమని సలహా.

మనుషుల్ని నాలుగు ఋతువులుగా విడగొట్టే పద్ధతి 1980లలో అమెరికాలో బాగా ప్రచారంలోకి వచ్చింది. బంగారు రంగు జుట్టు, ఎర్ర జుట్టు, గోధుమ జుట్టు, నీలి కళ్లు, పచ్చ కళ్లు ఉన్న జనాన్ని విడదీయడానికి అది కొంత పనికొస్తుంది. మన దగ్గర వందమందిని నిలబెడితే దాదాపు అందరి జుట్టూ నలుపే, కళ్లు ముదురు గోధుమే. ఆ జల్లెడ పడితే ఒకటి రెండు గదుల్లోనే అందరూ కుప్పపడతారు. ఇక నరాల సంగతి. నరం ఏ రంగులో కనిపిస్తుందనేది అది ఎంత లోతులో ఉంది, పైన చర్మంలో మెలనిన్ ఎంత ఉంది, ఏ దీపం కింద చూస్తున్నాం అనే వాటిని బట్టి మారుతుంది. గోధుమ రంగు చర్మం కింద చాలామందికి అది పచ్చగానే కనిపిస్తుంది. దాన్ని బట్టి చీర కొనడం మంచిది కాదు.

నేను ఈ మాట అంటుంటే ఆవిడ తన శాస్త్రం తీశారు. “అసలు మన గోదావరి జిల్లాల్లో ఆకురాలు కాలపు రంగులు చూపించే చెట్టు ఏదమ్మా? మా కాలేజీలో నాటు బాదం ఒక్కటే ఆకు ఎర్రబడి రాలుతుంది. ఆ ఎరుపు నాకు బాగుంటుందేమో గానీ, ఈ ఆవాల రంగు మాత్రం కాదు.” ఆవిడ ఊహ దాదాపు సరైనదేనని తర్వాత తేలింది.

వెలుతురు, పసుపు, జాకెట్టు ముక్కలు

రంగుల పరీక్షలో సగం పని వెలుతురును అదుపు చేయడమే. వాళ్ల హాలు గోడలు పిస్తా పచ్చ. కిటికీ వెలుగు ఆ గోడకు తగిలి ముఖం మీద పడుతుంటే దవడ కింద సన్నటి పచ్చఛాయ చేరింది. మామూలుగా చూస్తే తెలియదు. గడ్డం పక్కన తెల్ల కాగితం పట్టుకుంటే వెంటనే తెలుస్తుంది. అందుకని కుర్చీ తీసి ఉత్తరం వైపు వరండాలో వేశాం. ఉదయం పూట, ఎండ నేరుగా పడని చోట. ఇంట్లో లైట్లన్నీ ఆపేశాం. చీర మీద ఒక తెల్ల దుప్పటి కప్పాం.

ముఖానికి రోజూ పసుపు రాసుకునే అలవాటు ఆవిడకు ఉంది. వారం ముందు నుంచే ఆపమని ఫోనులో చెప్పి ఉంచాను. పసుపు చర్మం పై పొరకు అంటుకుని, సబ్బుతో కడిగినా ఒకటి రెండు రోజులు ఉంటుంది. ముఖ్యంగా మెడ ముడతల్లో, చెవుల ముందు. ఆ పచ్చదనం చూసి ‘వెచ్చని ఛాయ’ అని రాసేసుకోవడం మా వృత్తిలో తరచూ జరిగేదే.

ఈ పరీక్షకు కూర్చునేవారి జుట్టును సాధారణంగా తెల్లగుడ్డతో కప్పేస్తారు. రంగు వేసిన జుట్టు చర్మాన్ని చూడనివ్వకుండా దారి తప్పిస్తుందని. ఈ కేసులో కప్పలేదు. ఇక్కడ మాట్లాడాల్సిందే జుట్టు గురించి. కళ్లజోడు తీయించి ఒకసారి, పెట్టించి ఒకసారి చూశాను. ఆవిడది నల్లటి మందపాటి ఫ్రేము. నల్లజుట్టు రోజుల్లో కొన్నది.

పరీక్ష గుడ్డల పెట్టెలు విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు. నేను తెప్పించుకోలేదు. మన ఊళ్లలో మ్యాచింగ్ సెంటర్ ఉండగా వాటి అవసరం ఏమిటో నాకు అర్థం కాదు. రూబియా జాకెట్టు ముక్కలు అక్కడ ఒకే రంగులో అర డజను మెట్లు దొరుకుతాయి. మెరుపు లేని నూలు కాబట్టి రంగు రంగుగానే కనిపిస్తుంది. పట్టు ముక్క పెడితే దాని మెరుపు కూడా పరీక్షలో దూరి లెక్క తప్పిస్తుంది. నా దగ్గరున్న కట్టలన్నీ తాడితోట బట్టల మార్కెట్టులో, దుకాణదారుల విసుగు భరిస్తూ, ఎండలోకి తీసుకెళ్లి చూసి ఏరుకున్నవే.

నలుపు తెలుపు ఫొటో చెప్పినది

ముందు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాను. ఒకటి జుట్టుకు డై వేసుకునే రోజుల్లో ఆవపిండి రంగు మంగళగిరి చీరలో తీసినది. రెండోది అదే చీరలో ఆ రోజు నేను తీసినది. రెండింటినీ నలుపు తెలుపుకి మార్చాను. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ఏ ఫోనులోనైనా అవుతుంది. ముఖానికి నునుపు తెచ్చే ఫిల్టరు మాత్రం తప్పకుండా ఆపి ఉండాలి.

పాత ఫొటోలో మూడు మెట్లు స్పష్టంగా ఉన్నాయి. అన్నిటికన్నా నల్లగా జుట్టు, మధ్యలో ముఖం, కాస్త తేటగా చీర. నల్లటి జుట్టు పక్కన చామనఛాయ ముఖం తేటగా, నిండుగా ఉంది. కొత్త ఫొటోలో జుట్టు అన్నిటికన్నా తెల్లగా ఉంది. ముఖమూ చీరా ఇంచుమించు ఒకే బూడిద మెట్టులో కలిసిపోయాయి. మెడ ఎక్కడ ఆగిందో, పవిట ఎక్కడ మొదలైందో కళ్లు చికిలించి చూస్తే తప్ప తెలియలేదు. నల్లగా మిగిలింది కళ్లజోడు ఫ్రేము ఒక్కటే. చూసేవారి చూపు తిన్నగా అక్కడికే పోతుంది, దాని కింద ఉన్న వలయాల మీద ఆగుతుంది. “ఒంట్లో బాగాలేదా” అన్న ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకు నేను వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఇక రంగు ముక్కలు. అమెరికా చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో రంగును మూడు కొలతలుగా విడగొట్టాడు. ఏ రంగు అన్నది ఒకటి, ఎంత లేత ఎంత ముదురు అన్నది రెండోది, ఎంత నిండుగా ఉంది లేదా ఎంత బూడిద కలిసి మాసింది అన్నది మూడోది. సలహాలు చెప్పేవాళ్లు మొదటిదాన్నే పట్టుకుని వెచ్చనిది, చల్లనిది అని వాదిస్తుంటారు. నేను ఆ మొదటిదాన్ని కదలనివ్వకుండా మిగతా రెండూ మారుస్తూ చూస్తాను.

ఆవపిండి రంగు ముక్క గడ్డం కింద పెట్టగానే మూతి చుట్టూ ఉన్న గోధుమ మచ్చలు తేలాయి. పెదవి చివరల నుంచి గడ్డం దాకా దిగే గీతలు లోతయ్యాయి. కంటి తెలుపు కూడా కాస్త పచ్చబడినట్టు కనిపించింది. దాన్ని తీసి పసుపుకొమ్ము రంగు ముక్క పెట్టాను. ఇదీ పసుపే, ఇదీ వెచ్చని రంగే. తేడా ఒక్కటే, దీంట్లో మాసినతనం లేదు. మచ్చలు ఎక్కడికీ పోలేదు గానీ, చూపు వాటి మీద ఆగడం మానేసింది. అద్దంలో చూసుకుంటున్న ఆవిడ రెండు ముక్కలనూ తామే తీసుకుని నాలుగైదుసార్లు మార్చి మార్చి పెట్టుకున్నారు. యాప్ చెప్పిన ‘వెచ్చని’ తీర్పు అక్కడితో పక్కకు పోయింది. ఆవిడ ముఖానికి తగువు పసుపుతో కాదు, అందులో కలిసిన బూడిదతో.

అదే పద్ధతిలో మిగతావి. లేత లావెండర్ పెడితే ముఖం బూడిద పట్టినట్టయింది. వంగపండు రంగు పెడితే నిలబడింది. పొగాకు రంగు మచ్చల రంగుతో జతకట్టి వాటిని ఇంకా పెద్దవి చేసింది. అంతకన్నా బాగా ముదురైన కాఫీ గింజ రంగు పరవాలేదనిపించింది. ఎరుపుల్లో నారింజ వైపు మొగ్గినవాటి కన్నా దానిమ్మ గింజ రంగు మేలు. నాటు బాదం ఆకు గురించి ఆవిడ అన్నది ఇక్కడే గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. నెమలికంఠం, నేరేడు పండు, ముదురు ఆకుపచ్చ మూడూ మొదటి చూపులోనే నెగ్గాయి. నలుపులో ముఖం వెనక్కి పోయింది.

తెలుపు విషయం విడిగా చెప్పాలి. నీలిమందు పెట్టి ఉతికిన పాలనురుగు తెలుపు ముక్క పక్కన ఆవిడ జుట్టు పచ్చబారినట్టు కనిపించింది, పళ్లూ అంతే. గంధం వైపు మొగ్గిన తెలుపు పెడితే అదే జుట్టు వెండిలా ఉంది. తెల్ల జుట్టుకు తెల్లచీర హుందాగా ఉంటుందని కళ్లు మూసుకుని కొనేవాళ్లు ఈ రెండు తెలుపుల తేడా ఒకసారి చూసుకోవాలి.

ఇదంతా కంటి భ్రమేనా అని ఆవిడ అడిగారు. భ్రమే, కానీ చూసేవాళ్లందరికీ కలిగే భ్రమ. పారిస్‌లోని గోబెలాఁ అల్లిక బట్టల కార్ఖానాలో అద్దకాల విభాగానికి 1824లో అధిపతిగా వచ్చిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, అక్కడి నల్లరంగు సరిగా ఎక్కడం లేదన్న ఫిర్యాదు ఎదురైంది. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో ఆయన పెద్ద గ్రంథమే ప్రచురించాడు. లేత రంగు పక్కన చర్మం ఇంకా ముదురుగా, ముదురు రంగు పక్కన తేటగా కనిపించడం ఆ సూత్రమే. దీనికి తోడు మెడకు ఆనుకుని ఉన్న బట్ట మీద పడిన వెలుగు ఎగిరి గడ్డం కింద పడుతుంది, ఆ బట్ట రంగును మోసుకుని. ఇది భ్రమ కాదు, నిజంగా పడే వెలుగే.

నా నియమానికి లొంగని రంగు ఒకటి మిగిలింది. గచ్చకాయ రంగు. బూడిద కలిసిన రంగే అయినా ఆవిడకు చక్కగా ఉంది. జుట్టులోని నలుపు తెలుపుల కలగలుపును అది మళ్లీ కింద చూపిస్తుంది కాబట్టి అనుకుంటున్నాను. నప్పినదాన్ని నియమం కోసం వదులుకోనక్కర్లేదు, జాబితాలో చేర్చాను.

చీర ఉంచి జాకెట్టు మార్చడం

ఈ దశలో చాలామంది సలహాదారులు బీరువా ఖాళీ చేయిస్తారు. ఆవిడ ముందే చెప్పేశారు: “ఒక్క చీర కూడా ఎవరికీ ఇవ్వను.” ఆవపిండి రంగు మంగళగిరి, నిజాం బోర్డరుది, ఆవిడ భర్త మొదటి జీతంతో కొన్నది. గోరింటాకు పచ్చ వెంకటగిరి వాళ్ల అమ్మగారిది. నాకు ఆ పట్టుదల నచ్చింది. పని కూడా తేలికయింది, ఎందుకంటే చీరకట్టులో ఒక వెసులుబాటు ఉంది. ముఖానికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే రంగు చీరది కాదు, జాకెట్టుది. చీర ఎడమ భుజం మీద మాత్రమే మెడ దాకా వస్తుంది. కుడివైపంతా జాకెట్టే. రెండు వైపులా మెడను చుట్టి ఉండేది జాకెట్టు అంచే.

కాబట్టి ఆవపిండి చీరకు అదే రంగు జాకెట్టు తీసేసి, నేరేడు పండు రంగు జాకెట్టు కుట్టించాం. పొగాకు రంగు చీరకు నెమలికంఠం. ఇటుక రంగుకు గంధం తెలుపు. గోరింటాకు పచ్చకు దానిమ్మ రంగు ప్రయత్నిస్తే మరీ పండుగ వేషంలా ఉందని ఆవిడ కొట్టిపారేశారు. నిజమే, కాలేజీకి కట్టుకెళ్లే చీర అది. దానికి వంగపండు రంగు కుదిరింది.

మెడ కోత గురించి కొంచెం. నప్పే రంగు జాకెట్టుకు మెడ పైకి ఉండాలి, అంటే బోట్ నెక్ లేదా చిన్న కాలరు. రంగు ముఖానికి దగ్గరవుతుంది. నప్పని రంగు చీరను అదే రంగు జాకెట్టుతోనే కట్టుకోక తప్పకపోతే మెడ కిందికి దించాలి. మధ్యలో చర్మం ఎక్కువ కనిపిస్తే రంగు ప్రభావం పలచబడుతుంది. పవిటను పిన్నుతో మడతలు బిగించి పెడితే భుజం మీద ఎక్కువగా కనిపించేది అంచు. మడతలు లేకుండా ఒంటి పొరగా వదిలేస్తే మధ్య రంగు కనిపిస్తుంది. ఆవపిండి మంగళగిరికి అంచు ముదురుది కాబట్టి పిన్ను పెట్టమన్నాను.

కళ్లజోడు ఫ్రేము మార్చమని గట్టిగానే చెప్పాను. నలుపు తీసి, తాబేటి చిప్ప రంగు వద్దని, సన్నటి ముదురు ఊదా ఫ్రేము. మొత్తం ఖర్చులో ఎక్కువ భాగం దీనికే అయింది. ముఖంలో ఎక్కువ మార్పు తెచ్చిందీ ఇదే.

బంగారమా వెండా అన్న ప్రశ్న ఈ పద్ధతుల్లో తప్పకుండా వస్తుంది. తెల్లజుట్టు వాళ్లకు వెండి నగలు అని చెప్తారు. మెడలో మంగళసూత్రం, నల్లపూసలు తీయని మనిషికి ఆ సలహా దేనికి? పైగా నల్లపూసలు మెడ చుట్టూ గీసే ఆ సన్నటి నల్లగీత, పోయిన నల్లజుట్టు పనిని కొంత చేస్తోంది. గొలుసులో బంగారు గుండ్లు తగ్గించి పూసలు దగ్గరగా ఉండేలా అల్లించుకోమన్నాను.

పెళ్లి చీర

దీని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఆవిడ ఆడపడుచు మాట: “వదినా, తల నెరిసింది కదా, ఇంకా ముదురు రంగులు ఏం బాగుంటాయి? లేత గులాబీయో, ఉల్లిపొర రంగో తీసుకో.” ఆవిడ భర్త మాట: “ఆవపిండి రంగే నీకు బాగుంటుంది.” ఈ రెండో మాటకు నేను ఎదురు చెప్పలేదు, ఆయన చూస్తున్నది చీరను కాదు.

ఉల్లిపొర రంగు మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది, అది ఈ ఒక్క ఇంటిది కాదు కాబట్టి చెప్తున్నాను. వయసు మళ్లితే వెలిసిన రంగులే కట్టుకోవాలన్నది మర్యాదకు సంబంధించిన అలవాటు. అందానికి సంబంధించిన లెక్క కాదు. తెల్లజుట్టు, లేత చీర, వాటి మధ్య చామనఛాయ ముఖం ఉంటే మొత్తంలో ముదురుగా, మచ్చలతో కనిపించేది ముఖమే. జుట్టు ఎంత తెల్లబడితే కింద రంగు అంత నిండుగా ఉండాలన్నది నా అభిప్రాయం.

బరువు మోయలేనని కంచిపట్టు వద్దన్నారు. ఉప్పాడ జాందానీ వైపు మొగ్గాం. తేలిగ్గా ఉంటుంది, బుటాలు నేతలోనే వస్తాయి. కాకినాడ దగ్గరే కాబట్టి నేసేవాళ్ల దగ్గరికే వెళ్లొచ్చు. డబుల్ షేడ్ చీర ఒకటి ఆవిడ మనసుకు పట్టింది. పడుగు ఎరుపు, పేక నీలం. చాప మీద పరిస్తే నేరేడు పండు రంగు. అదే చీర భుజం మీద మడతలు వేసి పక్క నుంచి చూస్తే మడత వంపులో ఎరుపు మెరుస్తుంది. డబుల్ షేడ్ పట్టును పరిచి చూసి కొనకూడదు. ఎక్కడ ఎలా కట్టుకుంటామో అలా వేసుకుని, కాస్త అటూ ఇటూ తిరిగి చూడాలి. ఈ చీరలో వచ్చే రెండు రంగులూ ఆవిడ జాబితాలోవే.

గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూడడం మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దాని వెనక కారణం ఇది. రెండు అద్దకాలు ఒక దీపం కింద ఒకేలా కనిపించి, ఇంకో దీపం కింద వేరుగా కనిపించవచ్చు. చీరకూ జాకెట్టు ముక్కకూ దుకాణంలో కుదిరిన జోడీ ఇంటికి వచ్చాక కుదరకపోవడం అందుకే. పెళ్లి పగలు కాదు, రాత్రి ముహూర్తం. కాబట్టి ఎండలో చూసింది చాలదని, మండపంలో వాడే పసుపు వెలుగు బల్బుల కింద కూడా చూశాం. నేరేడు రంగు కాస్త మెరూన్ వైపు జరిగింది, అంతే. రాణి రంగు చీర ఒకటి ఎండలో అద్భుతంగా ఉన్నా వదిలేశాం. అంత నిండైన గులాబీ ఎరుపులను కెమెరాలు తట్టుకోలేవు. మడతలు, బుటాలు అన్నీ పోయి ఒకే ముద్దగా వస్తాయి. జరీలో మరీ పచ్చగా మెరిసేది కాక, రాగి ఛాయ ఉన్నది ఎంచుకున్నారు.

ముఖానికి

ఆవిడ అలవాటు కాటుక, బొట్టు, పౌడరు. ముందు పౌడరు తీసేయించాను. తెల్లటి టాల్కం పొర చామనఛాయ మీద బూడిదలా పరుచుకుంటుంది. పైన జుట్టు కూడా తెల్లబడ్డాక ముఖంలో రంగు అన్నదే మిగలదు.

ముఖమంతా ఫౌండేషన్ వేయలేదు. ఆవిడ నుదురు, బుగ్గ, మెడ మూడూ మూడు ఛాయలు. ఒకే సీసా రంగు వేస్తే ముసుగులా ఉంటుంది. మూతి చుట్టూ, కంటి కింద మాత్రమే నారింజ ఛాయ కరెక్టరు పలచగా అద్ది, దాని మీద మచ్చలు కప్పే చర్మం రంగు కన్సీలరు. గోధుమ చర్మం మీద నల్లబడిన చోట నీలిబూడిద ఛాయ ఉంటుంది. దాన్ని నారింజ కొట్టేస్తుంది. నేరుగా చర్మం రంగో, ఇంకా తెల్లటిదో వేస్తే ఆ చోటు పాలిపోయినట్టు తేలుతుంది. కన్సీలరును దవడ అంచున రాసి, పావుగంట ఆగి, వరండాలో చూసి ఎంచాం. కొన్ని రకాలు ఆరాక ముదురవుతాయి.

కనుబొమల్లో సగం తెల్ల వెంట్రుకలు. నల్ల పెన్సిలు వాడకుండా బూడిద కలిసిన గోధుమ రంగుతో ఖాళీలు నింపాను. రంగు వేయించుకోవచ్చా అని అడిగితే వద్దన్నాను. కనుబొమల డైలలోనూ పీపీడీ ఉండొచ్చు. అంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక మెహందీ రోజు గురించి ఇచ్చాను. త్వరగా నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో చాలాసార్లు కలిపేది ఈ పీపీడీనే. ఆవిడ తత్వానికి అది చేతినిండా బొబ్బలు తెప్పించగలదు. ఇంట్లో రుబ్బిన గోరింటాకు మాత్రమే పెట్టుకోమన్నాను. పెరట్లో చెట్టు ఉందట.

లిప్‌స్టిక్ చేతి మీద గీసి చూసుకోవడం దండగ. ఆవిడ పెదవులకు సహజంగానే గోధుమ ఊదా ఛాయ ఉంది. చేతి మీద లేత గులాబీగా కనిపించినది పెదవి మీద సుద్ద పూసినట్టుంది. చేతి మీద మరీ ముదురనిపించిన దానిమ్మ రంగు పెదవి మీద సరిగ్గా ఒదిగింది. దాన్ని కూడా పూసి, కాగితంతో అద్ది, మిగిలిన మేరకే ఉంచాం. బొట్టు కాస్త పెద్దది చేశాం. నల్లజుట్టు పోయాక ముఖం మధ్యలో ఒక నిండు బిందువు ఉండడం ఎంత పనిచేస్తుందో కాగితం మీద రాసి చెప్పడం కష్టం. బొట్టు తీసి ఒక ఫొటో, పెట్టి ఒక ఫొటో తీసి చూసుకోండి.

పెళ్లి రోజు, ఆ తర్వాత

అన్నీ అనుకున్నట్టు కుదరలేదు. మండపం వెనక కట్టంతా పసుపు చేమంతులు, దానికి ఎదురుగా తెల్లటి వీడియో లైటు. కన్యాదానం ఫొటోల్లో చీర నేను అనుకున్నదానికన్నా ఎర్రగా వచ్చింది. ముఖం మాత్రం బాగుంది. జుట్టు వెండిలా, కళ్లు నల్లగా, మధ్యలో బొట్టు. మధుపర్కాల తెలుపులో ఉన్న పెళ్లికూతురి పక్కన తల్లి ముదురు రంగులో ఉండడం వల్ల ఫొటోలో ఇద్దరూ విడివిడిగా కనిపించారు. ఇది నేను ముందుగా ఆలోచించినది కాదు. కాళ్లు కడిగేటప్పుడు లిప్‌స్టిక్ ఎప్పుడు తుడిచేసుకున్నారో గానీ, ఆ తర్వాతి ఫొటోల్లో లేదు. “నోరు జిగటగా ఉంది” అన్నారు అడిగితే. ఆడపడుచు చీర గురించి ఏమీ అనలేదట, నేసేవాళ్ల ఫోను నంబరు మాత్రం అడిగి తీసుకున్నారట.

నేను చెప్పినవాటిలో ఆవిడ ఇప్పటికీ పాటిస్తున్నవి జాకెట్ల పద్ధతి, కొత్త కళ్లజోడు, పెద్ద బొట్టు. కరెక్టరు, కన్సీలరు పెట్టెలోనే ఉన్నాయి. పౌడరు మళ్లీ మొదలైంది, కాకపోతే తెల్లది కాదు, చర్మం రంగుది. కాలేజీలో ఆరోగ్యం గురించి అడిగేవాళ్లు తగ్గారని, ఆవపిండి చీర కట్టుకున్న రోజు కూడా ఎవరూ అడగలేదని ఫోనులో చెప్పారు.

వెనకవైపు జుట్టు ఇంకా తెల్లబడుతోంది. పూర్తిగా తెల్లబడ్డాక గచ్చకాయ రంగు ఇలాగే నిలుస్తుందా, నలుపు అప్పుడైనా కుదురుతుందా అన్నది మళ్లీ ముక్కలు పెట్టి చూడాలి. ఆవిడ పేజీలో ఆ రెండు రంగుల పక్కనా ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను.